నానమ్మ గొంతు ఉన్న డిస్కు

మా బాపు రూల్స్ చదివే మనిషి. లోకమంతా సంతకం గీకి అవతల పారేసే కాగితాన్ని ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. మందుల డబ్బాలో మడతలు పెట్టి వచ్చే సన్నక్షరాల కాగితాన్ని కూడా వదలడు. నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరిన కొత్తలో, నా ల్యాప్‌టాప్‌ను క్యాంపస్ నెట్‌వర్క్‌కు కలిపేటప్పుడు ఇచ్చిన నియమాల కాగితం ఆయన కంటపడింది. పడకుండా ఉంటే ఎంత బాగుండేదో. ఇప్పుడనుకుని ఏం లాభం!

క్యాంపస్‌లో నెట్ కావాలంటే ఊరికే వైరు గుచ్చితే రాదు. లైబ్రరీ కింద నేలమాళిగలో ఉన్న నెట్‌వర్క్ ఆఫీసుకు ల్యాప్‌టాప్ మోసుకుపోవాలి. అక్కడున్న ఉద్యోగి, నెత్తిమీద నాలుగు వెంట్రుకలు మిగిలిన నిమ్మళమైన మనిషి, దాన్ని తెరిచి, ప్రతి మిషన్‌కూ పుట్టుకతోనే ఒక నంబరు ఉంటుందని చూపించి, ఆ నంబరును నా పేరు మీద ఎక్కించాడు. వైరస్ ఉందేమో వెతికాడు. పాస్‌వర్డ్ ఇచ్చాడు. "ఇగ ఈ మిషన్‌ల ఎవరేం చేసినా మీరే చేసినట్టు మేడమ్. జర జాగ్రత్త" అన్నాడు. ఆ తర్వాత కాగితం. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరాదు. సినిమాలు దింపుకోరాదు. సొంత వైఫై డబ్బా పెట్టరాదు. బయటి స్టోరేజీ సైట్లలోకి ఫైళ్ళు ఎక్కించరాదు. చదువు ముగించి వెళ్ళేటప్పుడు కనెక్షన్ రద్దు చేయించుకుని, మిషన్‌లోంచి యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్‌నూ డేటానూ తొలగించాలి. ఇలాంటివే ఇంకా బోలెడు. నేను చదవకుండానే సంతకం పెట్టి, ఒక కాపీ బ్యాగులో పడేసుకుని గౌలిపురలోని మా ఇంటికి బస్సెక్కాను.

బాపు అప్పటికి ఇంకా రిటైర్ కాలేదు. కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు ల్యాబ్‌లో టెక్నీషియన్. అక్కడ ఫోన్ గేటు దగ్గరే అప్పజెప్పి లోపలికి పోవాలి. లోపలి కంప్యూటర్లు వేరు, బయటి నెట్ ఉన్న కంప్యూటర్లు వేరు. ఆ వైరూ ఈ వైరూ ఒక బల్ల మీద కూడా ఉండకూడదట. ఆయన అక్కడ చేసిన పని ఏమిటో ఇప్పటికీ మాకు తెలియదు. చిన్నప్పుడు "ఆఫీసుల ఏం చేస్తవ్ బాపూ?" అని అడిగితే "పని" అనేవాడు, అంతే. ఒక పెన్సిల్ ముక్కైనా ఇంటికి తెచ్చి ఎరగడు. తాను చేసిందంతా ఆ గోడల లోపల భద్రంగా ఉంటుందని, ఎవరో ఒకరు దాన్ని కాపాడుతుంటారని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

కాగితం చదివిన రోజు నుంచి నా ల్యాప్‌టాప్‌కు కాపలా మొదలైంది. మా చిన్నాయన కొడుకు ఒకసారి పెన్‌డ్రైవ్‌లో కొత్త సినిమా పట్టుకొచ్చాడు. వాడు దాన్ని ఇంకా గుచ్చనే లేదు, బాపు అన్నం ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచొచ్చాడు.

"ఆగురా! అది యూనివర్సిటీల రిజిస్టరైన మిషన్. నీ పెన్‌డ్రైవ్‌ల ఏ వైరస్ ఉన్నదో నీకే తెల్వది. దానికి అంటితె రేపు పట్టుకునేది మా బిడ్డను!"

"సినిమానే పెద్దబాపూ. ఏం గాదు."

"సినిమానే వద్దని రాసిన్రు! చదువురా, కండ్లున్నయి గదా, చదువు!"

పెద్ద లొల్లి అయింది. వాడు ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయి చాలా రోజులు మా గడప తొక్కలేదు. నానమ్మ మంచం మీద నుంచి "సర్కారు నౌకరీ జేసి జేసి వీనికి పిచ్చి లేసింది" అని నవ్వింది. నేనూ పడీ పడీ నవ్వాను. బాపు చెయ్యి కడుక్కుని మళ్ళీ అన్నానికి కూర్చుని, మేం నవ్వుతున్నా పట్టించుకోకుండా చారు పోసుకున్నాడు.

నా పరిశోధన గౌలిపుర పాలవాళ్ళ మాట మీద. దూరం పోవాల్సిన పనే లేదు, మా ఇంట్లోనే నానమ్మ ఉంది. ఇప్పుడు కిరాయి గదులున్న చోట ఒకప్పుడు మా బర్రెల కొట్టం ఉండేదట. నానమ్మ తెల్లారకముందే పాలు పిండి, నెత్తిమీద క్యాను పెట్టుకుని పాతబస్తీ గల్లీలన్నీ తిరిగేది. హిందూ ఇళ్ళ ముందు ఒక భాష, ముస్లింల ఇళ్ళ ముందు ఒక భాష. "ఆజ్ మలాయి అచ్ఛీ హై అమ్మా, లేలో" అని, ఇవాళ మీగడ బాగుందని పరదా ఇవతల నుంచి పిలిస్తే, లోపలి నుంచి గిన్నె పట్టుకున్న చెయ్యి ఒక్కటే బయటికి వచ్చేదట. ఏళ్ళ తరబడి పాలు పోసిన ఇళ్ళలో కొందరి ముఖాలు తాను చూడనే లేదని, చేతులు మాత్రం ఎక్కడ కనిపించినా గుర్తుపడతానని చెప్పేది.

రెండేళ్ళపాటు మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని ఇవన్నీ రికార్డు చేశాను. మొదట్లో ఆ రికార్డర్‌ను చూసి "దీన్ల పడ్డ మాట మళ్ళ బయటికొస్తదా?" అని అనుమానంగా అడిగింది. ఆమె గొంతే ఆమెకు వినిపిస్తే "థూ, బొంగురుగుంది, తీసెయ్" అంది. తర్వాత అలవాటైపోయి, నేను మరిచిపోయినా తనే "ఏదే నీ డబ్బా?" అని గుర్తుచేసేది. పాలు పిండేటప్పుడు బర్రెతో మాట్లాడే మాటలు, మొండికేసిన దూడను తిట్టే తిట్లు, సాయంత్రం మందను ఇంటికి పిలిచే కేక. ఆ కేక వేసిన రోజు నాకు బాగా గుర్తు. ఎనభై దాటిన ముసలిది, మంచం మీద నిటారుగా కూర్చుని, అరచెయ్యి నోటి పక్కన పెట్టుకుని, "దా... దా... దా..." అని పెట్టిందొక కేక! వాకిట్లో పేపర్ చదువుకుంటున్న బాపు "ఆఁ అమ్మా!" అని దిగ్గున లేచాడు. చిన్నప్పుడు బర్రెలతోపాటు తిరిగే ఆయన్ని కూడా ఆమె అదే కేకతో పిలిచేదట. రికార్డులో ఆ కేకా, ఆయన "ఆఁ అమ్మా!" అనడమూ, ఆ వెంటనే నానమ్మా నేనూ ఊపిరాడకుండా నవ్వడమూ అన్నీ పడ్డాయి.

రికార్డర్ డిపార్ట్‌మెంట్‌ది. ఫైళ్ళు దించుకుని ఖాళీ చేసి తిరిగి ఇచ్చేయాలి. క్యాంపస్ సర్వర్‌లో నాకిచ్చిన ఫోల్డర్ చిన్నది. ఆడియో ఫైళ్ళు అందులో పట్టవు, తీసేయండని నెట్‌వర్క్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. అక్కడి నుంచి బయటి సైట్లకు ఎక్కించడం కుదరదు. ఇంటి నెట్ సంగతి చెప్పనక్కర్లేదు, వానొస్తే పోతుంది, బస్తీలో ఏ చిన్న గడబిడ జరిగినా దాన్నే ముందు ఆపేస్తారు. పెన్‌డ్రైవ్ గుచ్చుదామంటే బాపు కాపలా. కాబట్టి నానమ్మ గొంతు మొత్తం నా ల్యాప్‌టాప్ డిస్కులోనే ఉండేది. వాటిలోని మాటలన్నీ ఒక్కొక్కటే విని థీసిస్‌లో రాసుకున్నాను. రాసింది రాసినట్టే ఉంది, పుస్తకం బీరువాలో ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పుస్తకంలో "దా దా" అని అచ్చయి ఉంటుంది, చదువుకోండి మరి!

వైవా అయిపోయింది. నెట్‌వర్క్ ఆఫీసుకు పోయి నా మిషన్ నంబరు తీయించుకున్నాను. అక్కడి ఉద్యోగే యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్ తీసేసి "కంగ్రాట్స్ మేడమ్" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే బాపు అడిగిన మొదటి మాట "మరి డేటా?" అని.

"చూసుకుంటలే బాపూ" అన్నాను.

మర్నాడే అమ్మా నేనూ పెండ్లికని నల్లగొండ పోయాం. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది. బాపు అప్పటికి రిటైరై కొన్ని నెలలైంది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి పోవాలో తెలియక వాకిట్లో కూర్చునేవాడు. అలాంటి మనిషికి ఒక పని దొరికింది.

మేం తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. బ్యాగులైనా దించనివ్వకుండా ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"ఆన్ చెయ్ బిడ్డా. చూడు, ఎంత స్పీడున్నదో. కొత్త డిస్క్ ఏయించిన."

"పాతది?"

"పద్ధతి ప్రకారం చేసిన" అని ఒక కవరు చేతికిచ్చాడు.

ల్యాబ్‌లో ఒక మిషన్ బయటికి పోవాలంటే దాని డిస్కు తీసి, డ్రిల్లింగ్ మిషన్ కింద పెట్టి బొక్కలు కొడతారట. ఊరికే డిలీట్ చేస్తే పోదని, తెలిసినవాళ్ళు మళ్ళీ తీయగలరని ఆయనకు తెలుసు. అందుకని డిస్కు పట్టుకుని మా గల్లీ చివర లేత్ వర్క్‌షాపుకు పోయాడు. ఆ షాపు భాయ్ బాపుకు చిన్ననాటి దోస్తు. "మంచిగున్నదానికి బొక్కలు కైకు సాబ్?" అని భాయ్ అడిగితే, యూనివర్సిటీ రూలని చెప్పి కొట్టించాడు. ఒకటి కాదు, రెండు. పైగా ఇద్దరు సాక్షులుండాలట. ఫలానా డిస్కు మా ఎదుట నాశనం చేయబడినది అని కాగితం మీద రాసి, తానొక సంతకం చేసి, భాయ్‌తో ఉర్దూలో ఇంకో సంతకం చేయించాడు. డిస్కూ కాగితమూ ఆ కవరులో ఉన్నాయి. బొక్కల అంచులు కూడా సాపు చేయించాడు, నా చెయ్యి తెగకుండా.

నేను ఆ బొక్కల్లోంచి నేల వంక చూస్తూ నిలబడ్డాను. అరవాలనుంది. ఎవరడిగారు నిన్ను, ఎవరు చెప్పారు నీకు, నా వస్తువు ఎందుకు ముట్టావని ఇల్లు అదిరేలా అరవాలనుంది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు, శెభాష్ అంటానని. చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు.  "థాంక్స్ బాపూ" అని పెరట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

నానమ్మ కర్ర పట్టుకుని వెనకే వచ్చింది. ఆమె దగ్గర నేనేదీ దాచలేను. చెప్పేశాను.

"అన్నీ పోయినయా?"

"అన్నీ పోయినయి నానమ్మా."

ఆమె చేతికర్రను గోడకానించింది. తర్వాత కొంగుతో నా ముఖం తుడిచింది. "ఏడుస్తున్నవేందే పిచ్చిదానా! నేను సచ్చిన్నా? ఈడనే ఉన్న గదా. ఇంకో పది దినాలు కూసుందం, గంతే. మీ బాపుకు మాత్రం చెప్పకు. వాడు తట్టుకోడు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను.

ఆ రోజే డిస్కును కోఠీలో రిపేరు షాపుకు పట్టుకుపోయాను. షాపతను దాన్ని వెలుతురుకు ఎత్తి, బొక్కలోంచి నన్ను చూసి, "ఇదేంది మేడమ్, ఎవరి మీద కోపం?" అన్నాడు. కొట్టాలనిపించింది. మర్నాడు ఫోన్ పట్టుకుని నానమ్మ పక్కన కూర్చున్నాను. పెండ్లిలో నుంచి నేను తెచ్చిన జలుబు ఆమెకూ అంటుకుంది. గొంతు పట్టేసింది. దగ్గుకు మాట ఆగిపోతోంది. "జర తగ్గనియ్యే" అంది. మిరియాల పాలు కాచి ఇచ్చాను. జలుబు తగ్గింది. తగ్గిన పొద్దుటే, బియ్యం చెరుగుతున్నది చెరుగుతున్నట్టే పక్కకు ఒరిగింది. చేతిలో చేట జారి బియ్యం వాకిలంతా పడ్డాయి. పక్షవాతం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది.

కొన్నాళ్ళకు ఆసుపత్రిలో మాట నేర్పించే డాక్టరమ్మ బాపుతో చెప్పింది. తెలిసిన గొంతులు, పాత పాటలు రోజూ వినిపించండి, ఆమె సొంత గొంతే ఎక్కడైనా రికార్డయి ఉంటే మరీ మంచిది, వింటూ వింటూ నాలుక కదిలినవాళ్ళు ఉన్నారు అని.

బాపు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మా బిడ్డ దగ్గర మస్తు రికార్డులున్నయి డాక్టరమ్మా! రెండేండ్లు చేసింది! అన్నీ యూనివర్సిటీల ఉన్నయి!"

 ఆయన దృష్టిలో అవి యూనివర్సిటీ కోసం చేసినవి, కాబట్టి యూనివర్సిటీ లోపలే భద్రంగా ఉంటాయి. నేను తల దించుకుని, "అకౌంట్ మూసేసిన్రు బాపూ. బయటోళ్ళకు ఇయ్యరు. రూలు" అన్నాను. రూలు అంటే ఆగిపోతాడనుకున్నాను. జన్మలో ఎన్నడూ రూలు దాటని మనిషి కదా.

ఆగలేదు. "రేపు పోదాం. నేను అడుగుత" అన్నాడు.

వద్దని రాత్రంతా ఎన్ని విధాల చెప్పానో. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిటైర్‌మెంట్ కార్డు జేబులో పెట్టుకుని తయారయ్యాడు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో తనలో తాను అనుకుంటున్నాడు. నెట్‌వర్క్ ఆఫీసులో అదే ఉద్యోగి నన్ను గుర్తుపట్టి కుర్చీలు వేశాడు. బాపు కూర్చోలేదు.

"సార్, నేను సర్వీసంతా రూల్ ప్రకారం నడిచినోన్ని. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగలే. ఇయ్యాల అడుగుతున్న. రూల్ జర పక్కకు పెట్టుండ్రి. మా అమ్మ గొంతు మీ కాడ ఉన్నది. కాపీ ఇయ్యకున్నా మంచిదే, ఆమెను ఈడికే మోసుకొస్త. మీ ముందటనే వినిపించుండ్రి. ఒక్కపారి, సార్." చేతులు జోడించాడు. మా బాపు ఇంకో మనిషికి చేతులు జోడించడం నేను చూడటం అదే మొదలు.

ఆ ఉద్యోగి కంగారుగా లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. "అయ్యో, గట్ల చెయ్యకుండ్రి సార్. నా చేతుల ఉంటే ఇయ్యనా? ఆడియో ఫైళ్ళు మా కాడ ఎన్నడూ లేవు సార్. జాగా సాలదని మేమే తీయించినం. అన్నీ మేడమ్ ల్యాప్‌టాప్‌లనే పెట్టుకున్నరు." నా వైపు తిరిగి, "మీ డిస్క్‌ల చూడుండ్రి మేడమ్, ఆడనే ఉంటయి" అన్నాడు.

పాపం, ఆయనకేం తెలుసు.

బాపు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేకపోయాను, తిప్పుకుని ఉంటే కనీసం ఆ ముఖం చూసే బాధైనా తప్పేది. జోడించిన చేతులు మెల్లగా విడిపోయాయి. "థాంక్యూ సార్" అని మెట్లెక్కి బయటికి నడిచాడు.

బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అఫ్జల్‌గంజ్ దాటి బస్సు మూసీ వంతెన మీదికి వచ్చాక అడిగాడు.

"నీకు ఎప్పుడు తెల్సు?"

"నువ్వు కవరు ఇచ్చిన నాడే."

"చెప్పలేదేంది బిడ్డా? నాలుగు తిట్లు తిట్టకపోయినవా?"

"నానమ్మ వద్దన్నది. నువ్వు తట్టుకోవని ఒట్టు పెట్టించుకున్నది."

అప్పుడు ఏడ్చాడు. నిండు బస్సులో, చేతిరుమాలు ముఖం నిండా కప్పుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా. ముందు సీటులోని ఒక బురఖా ఆమె వెనక్కి తిరిగి చూసి, ఏమీ అడగకుండా నీళ్ళ సీసా అందించింది. నేను పట్టుకుని కూర్చున్నాను. ఆయన తాగలేదు.

ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా నానమ్మ మంచం దగ్గరికి పోయాడు. కింద కూర్చుని ఆమె ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నీ గొంతు నేనే పోగొట్టిన. నేనే బొక్కలు కొట్టించిన. నీకు ముందుగాలనే తెల్సటగా. నన్ను ఎందుకు కొట్టలేదే అమ్మా?"

నానమ్మ నా వైపు కోపంగా చూసింది. నా అంతట నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆమె ఎడమ చెయ్యి ఆయన చేతిలోంచి విడిపించుకుని, ఆయన తల మీద వేసింది. పెదవులు ఒక పక్కకు కదిలాయి. ఏదో చెప్పాలని ఆరాటపడుతోంది, మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

బాపు లేచి ఒంగి తన చెవిని ఆమె నోటికి ఆనించాడు. నేను దగ్గరికి జరిగాను. గాలి వస్తోంది, అంతే. మాట లేదు.

"ఏందమ్మా? సరిగ వినపడలే. ఇంకోపారి చెప్పు" అన్నాడు బాపు, చెవి తీయకుండానే.